పరీక్ష ఆటగాళ్లకు, మాకు కాదు

2004 మార్చి 28న ముల్తాన్‌లో భారత్, పాకిస్తాన్ జట్ల మధ్య మొదటి టెస్టు ప్రారంభమైంది. ఏప్రిల్ 5న లాహోర్‌లో రెండవది, 13న రావల్పిండిలో మూడవది మొదలయ్యాయి. వాటికి ముందు అయిదు వన్డే పోటీలు జరిగాయి. టెస్టులు ఆడటానికి భారత జట్టు పాకిస్తాన్ గడ్డపై అడుగుపెట్టి అప్పటికి పద్నాలుగేళ్లు దాటింది. 1989లో సచిన్ టెండూల్కర్ పదహారేళ్ల ప్రాయంలో కరాచీలో తొలి టెస్టు ఆడిన పర్యటనే అంతకుముందు చివరిది. 1989లో పుట్టిన బిడ్డలు 2004 నాటికి హైస్కూలు చదువుల్లో ఉన్నారు. అన్నేళ్ల నడుమ కార్గిల్ జరిగింది. పార్లమెంటుపై దాడి జరిగింది. నెలల తరబడి సరిహద్దులో సైన్యాలు ఎదురెదురుగా నిలిచాయి. 2004 జనవరిలో ఇస్లామాబాద్ సార్క్ సమావేశాల సందర్భంగా వాజ్‌పేయి, ముషారఫ్ చర్చల పునరుద్ధరణకు అంగీకరించిన తరువాతనే ఈ సిరీస్‌కు దారి ఏర్పడింది.

ఆటను ప్రేమించేవారికి అది పండుగ. పాకిస్తాన్‌లో అంతవరకు ఇరవై టెస్టులు ఆడిన భారత్ ఒక్కటీ గెలవలేదు. ఆస్ట్రేలియాను ఆస్ట్రేలియాలోనే నిలువరించి వచ్చిన గంగూలీ జట్టు ఆ లోటు తీరుస్తుందని ఆశించడం సహజమే అయింది. మన హైదరాబాదు లక్ష్మణ్ మణికట్టు విన్యాసాన్ని షోయబ్ అఖ్తర్ వేగం ఎదుట చూడాలని ఎవరికి లేకపోయింది?

అయితే ముస్లిం ఇళ్లలో ఈ ఎదురుచూపుకు ఒక బెరుకు తోడుగా ఉంటుంది. దాన్ని దాచుకోవడం వల్ల మేలు లేదు గనుక స్వానుభవంతోనే మొదలుపెడతాను.

1986 ఏప్రిల్‌లో షార్జాలో చివరి బంతికి జావేద్ మియాందాద్ సిక్సర్ కొట్టిన రోజు నాకు బాగా గుర్తు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. తమ్ముడైతే ట్రాన్సిస్టర్‌ను మంచం మీదికి విసిరికొట్టాడు. మరునాడు కార్యాలయంలో అడుగుపెట్టగానే సాటి ఉద్యోగి ఒకరు చిరునవ్వుతో ‘‘నిన్న మీవాళ్లు గెలిచారు గదా, మిఠాయి లేదా?’’ అన్నారు. ఆయన దుర్మార్గుడు కాడు. మా అమ్మ జబ్బుపడినప్పుడు నాతోపాటు రాత్రంతా ఆసుపత్రిలో కూర్చున్న మనిషి. అందుకే ఆ మాట మరింత లోతుగా దిగింది. ‘మావాళ్లు’ ఓడిపోయారనే దుఃఖంతోనే నేను కార్యాలయానికి వచ్చానని ఆయనకు తట్టలేదు. నేను చెప్పనూ లేదు. చెబితే అది సంజాయిషీ అవుతుందనిపించింది.

ఇటువంటి అనుభవం లేని ముస్లిం కుటుంబం మన రాష్ట్రంలో అరుదు. మ్యాచ్ రోజున బస్తీ మొదట్లో పోలీసు పికెట్ వెలుస్తుంది. ఎక్కడో టపాకాయ పేలితే అది పెళ్లి ఊరేగింపుదా, మరొకటా అని ఆరా తీస్తారు. అంటే ఆట ఆడేది మైదానంలో పదకొండు మంది అయితే, పరీక్ష రాసేది ఇక్కడ కోట్లమంది. ఈ పరీక్షను మనకు పెట్టే అధికారం ఎవరిచ్చారన్నదే నా ప్రశ్న.

చరిత్రను చూద్దాం. ఈ రెండు దేశాల తొలి టెస్టు 1952 అక్టోబరులో ఢిల్లీలో జరిగింది. పాకిస్తాన్‌కు అదే మొట్టమొదటి టెస్టు. ఆ జట్టు నాయకుడు కర్దార్, జట్టులోని అమీర్ ఇలాహీ ఇద్దరూ అంతకుముందు భారత్ తరఫున టెస్టులు ఆడినవారే. మన పక్షాన చివరి వికెట్‌కు హేమూ అధికారితో కలిసి 109 పరుగులు జోడించిన ఆటగాడు మన హైదరాబాదు స్పిన్నర్ గులాం అహ్మద్. చివరి వికెట్‌కు భారత్ తరఫున ఆ రికార్డు 2004 డిసెంబరు వరకు చెక్కుచెదరలేదు. పాకిస్తాన్‌పై భారత్ సాధించిన మొదటి విజయంలో ఒక హైదరాబాదు ముస్లిం అర్ధశతకం ఉన్నది. ఆ గులాం అహ్మద్ తరువాత భారత జట్టుకు నాయకత్వమూ వహించారు. హైదరాబాదులోనే పుట్టి ఇక్కడే రంజీ ఆడిన ఆయన మేనల్లుడు ఆసిఫ్ ఇక్బాల్ 1961లో పాకిస్తాన్ వెళ్లిపోయి, 1979లో పాకిస్తాన్ జట్టు నాయకుడిగా భారత్‌కు వచ్చారు. ఒకే కుటుంబం, రెండు దేశాలకు ఇద్దరు నాయకులు. మన పత్రికలు ఈ పోటీలను ‘దాయాదుల పోరు’ అని రాస్తుంటాయి. శత్రుత్వాన్ని సూచించడానికి వాడే ఆ మాటలోనే రక్తసంబంధం ఒప్పుకోలు దాగి ఉన్నది.

మరో హైదరాబాదీ కథ ఇంత తియ్యనిది కాదు. 1959లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థిగా ఉన్న అబ్బాస్ అలీ బేగ్‌ను ఇంగ్లండ్‌లో పర్యటిస్తున్న భారత జట్టులోకి పిలిచారు. మాంచెస్టర్‌లో ఆడిన తొలి టెస్టులోనే ఆయన శతకం చేశారు. మరుసటి సిరీస్‌లో ఆస్ట్రేలియాపై బొంబాయిలో రెండు ఇన్నింగ్స్‌లోనూ అర్ధశతకాలు సాధించి దేశానికి ముద్దుబిడ్డ అయ్యారు. 1960-61లో పాకిస్తాన్ జట్టు వచ్చింది. మొదటి మూడు టెస్టుల్లో బేగ్ బ్యాటు పలకలేదు. ఎందరో గొప్ప బ్యాట్స్‌మన్లకు వచ్చే గడ్డుకాలమే అది. కాని ఆయనకు మాత్రం కావాలనే అవుటవుతున్నావని నిందిస్తూ ఉత్తరాలు వచ్చాయి. నాలుగో టెస్టుకు ఆయన జట్టులో లేరు. మళ్లీ టెస్టు ఆడటానికి ఆరేళ్లు పట్టింది. ఆ సిరీస్‌లో అయిదు టెస్టులూ డ్రాగా ముగిశాయి. ఎవరూ గెలవని, ఎవరూ ఓడని ఆ సిరీస్‌లో ఓడించబడినవాడు ఒక్క బేగ్ మాత్రమే. మాంచెస్టర్ శతకం ఆయన భారతీయతకు రుజువు కాలేదు గాని, బొంబాయి వైఫల్యం దానిపై అనుమానమైంది.

ఆ పర్యటనకు వెళ్లిన వారిలో జహీర్ ఖాన్ ఉన్నాడు, కైఫ్ ఉన్నాడు, పందొమ్మిదేళ్ల ఇర్ఫాన్ పఠాన్ ఉన్నాడు. పఠాన్ తండ్రి వడోదర జామా మసీదులో ముఅజ్జిన్‌గా ఉండేవారు. ఆ మసీదు ఆవరణలోనే పెరిగిన కుర్రవాడు, 2002 నాటి గాయాలు అప్పటికింకా ఆరని గుజరాత్ నుంచి దేశం కోసం బంతి పట్టి వెళ్లాడు. అతడు వికెట్లు తీస్తే మనమంతా మురిసిపోయేవాళ్లం. అప్పటి నా విన్నపం ఒక్కటే. వికెట్లు పడని రోజున కూడా అతడు ఒక సాధారణ బౌలర్‌గానే మిగలాలి. 1960-61లో బేగ్‌కు దక్కని ఆ హక్కు పఠాన్‌కు దక్కాలి. సమానత్వమంటే గెలిచినప్పుడు భుజాన మోయించుకోవడం ఒక్కటే కాదు, ఓడినప్పుడు అందరిలాగే ఓడగలగడం కూడా. ఈ మాట మనకూ వర్తిస్తుంది. అజహరుద్దీన్ శతకాలకు మనం యజమానులం కానట్లే, 2000లో ఆయనపై పడిన నిషేధానికి మనం జవాబుదారులమూ కాము.

1990లో బ్రిటన్ నాయకుడు నార్మన్ టెబిట్ ఒక కొలబద్ద ప్రతిపాదించాడు. వలస వచ్చి స్థిరపడిన ఆసియా ప్రజలు ఇంగ్లండ్ జట్టును సమర్థిస్తారా, విడిచి వచ్చిన దేశాన్నా అన్నదే అతని ప్రశ్న. అక్కడి మన దేశస్థులు దానికి మండిపడ్డారు. లండన్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడి అక్కడి పౌరసత్వం పొందిన తెలుగువారు భారత జట్టుకు జేజేలు కొడితే మనం గర్విస్తాం. వారి విధేయతను శంకించం. మరి ఎక్కడి నుంచీ వలస రాని, తాతముత్తాతల సమాధులన్నీ ఈ మట్టిలోనే ఉన్న వారిని ఆ కొలబద్దతో ఎందుకు కొలవాలి?

‘పాకిస్తాన్ గెలిస్తే సంతోషించే ముస్లింలు లేరా?’ అని అడిగేవారున్నారు. ఎక్కడో కొందరు ఉండవచ్చు. వసీం అక్రమ్ స్వింగ్‌కు ముగ్ధులైన వారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. 1999 జనవరిలో చెన్నై టెస్టులో సచిన్ 136 పరుగులు చేసినా భారత్ 12 పరుగుల తేడాతో ఓడింది. గెలిచిన పాకిస్తాన్ జట్టు మైదానం చుట్టూ తిరుగుతుంటే చేపాక్ ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లను ఎవరూ దేశద్రోహమనలేదు. క్రీడాస్ఫూర్తి అని లోకమంతా మెచ్చుకున్నది. అదే నెల మొదట్లో ఢిల్లీ కోట్లా మైదానంలో పిచ్‌ను తవ్వినవారి కన్నా ఆ ప్రేక్షకులే దేశం పరువు నిలబెట్టారు. చేపాక్‌లో సంస్కారమైన చప్పట్లు మన బస్తీలో నేరం ఎట్లా అవుతాయి?

మన యువకులతోనూ ఒక మాట చెప్పాలి. అవమానానికి జవాబుగా పొరుగువారిని ఉడికించే కేక, వారి గుమ్మం ముందు పేల్చే టపాకాయ ధైర్యం అనిపించుకోవు. అది అనుమానించేవాని చేతికి మనమే అందించే సాక్ష్యం. అదే విధంగా, అనుమానానికి భయపడి అవసరానికి మించిన ఆర్భాటంతో దేశభక్తిని ప్రదర్శించనక్కరలేదు. ఆ పరీక్షకు కూర్చోవడమంటే ప్రశ్న న్యాయమైనదేనని ఒప్పుకోవడం.

న్యాయంగా మరొకటి కూడా అడగాలి. 2004 నాటి పాకిస్తాన్ జట్టులో, అప్పట్లో క్రైస్తవుడైన యూసుఫ్ యోహానా ఉండేవాడు. హిందువైన డానిష్ కనేరియా ఆ దేశం తరఫున ఆడేవాడు. కనేరియా విఫలమైన రోజున కరాచీలో ఏ హిందూ దుకాణదారునైనా ‘మీవాళ్లు గెలిచారు గదా’ అని ఎవరైనా అంటే, అది ఇక్కడ మనకు జరిగేదానంత అన్యాయమే. మైనారిటీ హక్కు సరిహద్దు దాటగానే రంగు మారే వస్తువు కాదు. అక్కడి వారి కోసం మాట్లాడని నోటికి ఇక్కడి మన కోసం మాట్లాడే బలం ఉండదు.

మూడవ టెస్టు ముగిసిన కొద్ది రోజులకే మన రాష్ట్రంలో పోలింగ్ జరిగింది. గెలుపును ఓట్లుగా, ఓటమిని అనుమానంగా మార్చాలని చూసేవారు ఉంటారు. పార్టీలు స్కోరుబోర్డును ప్రచార వేదిక ఎక్కించకుండా ఉండటం, పత్రికలు ఆట వార్తలకు యుద్ధ భాషను అరువు తెచ్చుకోకుండా ఉండటం, పోలీసులు బస్తీని ముందుగానే నిందితునిగా చూడకుండా ఉండటం అసాధ్యమైన కోరికలు కావు. 1955లో లాహోర్ టెస్టు చూడటానికి విభజన గాయాల పచ్చి ఆరకముందే వేలాది భారతీయులు సరిహద్దు దాటి వెళ్లారు. ఆనాటివారికి సాధ్యమైనది మనకు ఎందుకు కాదు?

టెస్టు జరిగే రోజుల్లో మన వీధుల్లో ఒక చక్కని ఆచారం ఉండేది. ఇరానీ హోటల్ ముందో, బస్సులోనో, చెవి దగ్గర రేడియో పెట్టుకున్న అపరిచితుని ఎవరైనా ‘‘స్కోరెంత?’’ అని అడిగేవారు. అడిగినవారు ఎదుటివాని పేరు అడిగేవారు కాదు, గడ్డం చూసేవారు కాదు. మొదటి బంతి పడిన నాటి నుంచి చివరి వికెట్ పడేవరకు మనల్ని ఎవరైనా ఏదైనా అడగదలచుకుంటే ఆ ఒక్క ప్రశ్నే అడగాలని కోరుతున్నాను. దానికి సమాధానం సంతోషంగా చెబుతాం.