పొద్దున ఆట మళ్ళీ మొదలుపెట్టండి

తెలుగు ఫిల్మ్‌ చాంబర్‌ ఆఫ్‌ కామర్స్‌ పెద్దలకు,



తెనాలిలో ఒక లెక్కల మాస్టారున్నారు. హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ‘మాయాబజార్‌’ విడుదలైన 1957లోనే పుట్టారు. సినిమాలు విడవకుండా చూస్తారు, చూసిన సినిమా గురించి మొహమాటం లేకుండా మాట్లాడతారు. ఏ హీరో అభిమాన సంఘంలోనూ ఆయన పేరు లేదు, ఏ పత్రికకీ సమీక్షలు రాయలేదు. టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళే మనిషి. ఈ లేఖ ఆయన మాటల్లోంచి పుట్టింది. నిర్మాతలు, పంపిణీదారులు, థియేటర్ల వాళ్ళు, స్టూడియోల వాళ్ళు, నలుగురూ ఒక్కచోట కూర్చునే సంస్థ మీది. అందుకే ఇది మీ చేతికి రావాలి.

ఆయన అడిగేది ఒకటే. ఆదివారం పొద్దున ఆట, ప్రతి జిల్లాలో కనీసం ఒక్క థియేటర్లో, ముప్పై ఏళ్ళు దాటిన తెలుగు సినిమా వెయ్యండి.

ఇది మన ఊళ్ళకి తెలియని పద్ధతేమీ కాదు. ఒకప్పుడు చాలా హాళ్ళలో కొత్త సినిమా మ్యాట్నీతో మొదలయ్యేది. పొద్దున ఆటకి పాత సినిమా పడేది. గోడ మీద పెద్ద వాల్‌పోస్టరు పక్కన చిన్న పోస్టరు, దాని మీద ‘ఉదయం ఆట’ అని ఒక ముక్క. మాస్టారు ‘మల్లీశ్వరి’ చూసింది అలాగే. ‘మిస్సమ్మ’ చూసిందీ అలాగే. ఒకటి 1951లో వచ్చింది, ఇంకొకటి 1955లో. రెండూ వచ్చేనాటికి ఆయన పుట్టనే లేదు. పొద్దున ఆటే లేకపోతే వాటిని తీసిన బి.ఎన్‌. రెడ్డి ఎవరో, ఎల్‌.వి. ప్రసాద్‌ ఎవరో తనకి తెలిసేది కాదంటారు.

‘మల్లీశ్వరి’ గురించి ఆయన చెప్పేటప్పుడు వినాలి. బావామరదళ్ళు నాగరాజు, మల్లి దారిలో వానొచ్చి ఒకచోట తలదాచుకుంటారు. మల్లి పాడుతుంది, ఆడుతుంది. మారువేషంలో వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన అది చూస్తారు. ఎదుట ఉన్నది ఎవరో తెలియని నాగరాజు, మా మల్లికి పల్లకీ పంపించమని రాయలవారితో చెప్పండి అని వేళాకోళానికి అంటాడు. ఆ మాట అంతటితో అయిపోయిందనుకుంటాం. డబ్బు సంపాదించుకొస్తానని అతను ఊరు విడిచి వెళ్ళాక నిజంగానే పల్లకీ వస్తుంది. నవ్వుతూ అన్న ఒక్క మాట మీద మిగతా కథంతా నిలబడింది, విలన్‌ అవసరమే రాలేదు అంటారు మాస్టారు. మల్లిగా భానుమతి ముఖం అంత పెద్ద తెర మీద కనపడుతుంటే, పల్లకీ గుమ్మంలో ఆగినప్పుడు హాల్లో ఎవరూ మాట్లాడలేదట. ఆ నిశ్శబ్దం ఆయనకి ఇప్పటికీ గుర్తుంది.

కొత్త సినిమా అంటే ముఖం చిట్లించే మనిషి కాదాయన. ‘బలగం’ 2023లో వచ్చినప్పుడు రెండుసార్లు చూశారు. కోస్తాలో కాకి ముట్టడం అనేదాన్ని తెలంగాణలో పిట్ట ముట్టుడు అంటారని ఆ సినిమాతోనే తెలిసిందట. ఒక నల్లిబొక్క దగ్గర మొదలైన పౌరుషం రెండు కుటుంబాలని ఏళ్ళ తరబడి విడదీయడం ఆయనకి ఎంతమాత్రం అతిశయోక్తిగా అనిపించలేదు. పెళ్ళి భోజనాల దగ్గర మర్యాద తక్కువైందని మాటలు మానేసిన చుట్టాలు ఏ ఊళ్ళో లేరు? ఆ సినిమా ఓటీటీలోకి వచ్చాక కూడా తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టుకుని, నేల మీద కూర్చుని ఊరంతా కలిసి చూశారు. ఫోన్లో దొరికే సినిమా కోసం జనం బయటికి రారన్న మాటకి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

‘కేరాఫ్‌ కంచరపాలెం’ (2018) మీద ఆయనకి ఇంకాస్త ప్రేమ. విశాఖపట్నంలో ఆ పేట జనాన్నే తీసుకుని వెంకటేశ్‌ మహా తీసిన సినిమా. మందు షాపులో పనిచేసే గడ్డం, ముఖానికి ముసుగుతో వచ్చి సీసా కొనుక్కెళ్ళే అమ్మాయి కళ్ళు మాత్రమే చూసి ప్రేమించడం, ఆమె ఎవరో తెలిశాక కూడా వెనక్కి తగ్గకపోవడం ఆయనకి పాత సినిమాల్లోని సంస్కారంలా తోచింది.

‘పుష్ప 2’ దగ్గర మాత్రం పేచీ ఉంది. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్ళు ఆడవేషం కట్టే ఆచారం ఉంది. దాన్ని పట్టుకుని, చీర కట్టిన హీరో చేత అంత పెద్ద ఘట్టం చేయించిన ధైర్యానికి ఆయన మనసారా చప్పట్లు కొట్టారు. మిగతాదే సాగిందన్నారు. మూడు గంటల ఇరవై నిమిషాల సినిమాకి తర్వాత ఇంకో ఇరవై నిమిషాలు కలిపారు. నిడివి మీద ఆయనకి ఫిర్యాదు లేదు. ‘మాయాబజార్‌’ కూడా మూడు గంటలు దాటుతుంది, కానీ అందులో ఒక్క సీను పీకి పక్కన పెట్టలేం. ‘పుష్ప 2’లో ఏవి తీసెయ్యచ్చో ఇంటికి వస్తూ దారిలోనే లెక్క చెప్పగలిగానంటారు. ఇక ‘సంక్రాంతికి వస్తున్నాం’లో కడుపుబ్బ నవ్వారు. చిన్నపిల్లాడి నోట పలికించిన బూతులకి మాత్రం బాధపడ్డారు. కోడిని ఎదురుగా వేలాడదీసి దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే కోట శ్రీనివాసరావుని ‘అహ నా పెళ్ళంట’లో (1987) చూసి పెరిగిన ఇంట్లో, నవ్వించడానికి పిల్లల్ని అలా వాడుకోవాల్సిన అవసరం ఏమిటన్నది ఆయన ప్రశ్న.

కొత్తదాన్నీ పాతదాన్నీ ఇలా పక్కపక్కన పెట్టి మాట్లాడుకోవాలంటే రెండూ ఒకే తెర మీద దొరకాలి. ఇప్పుడు దొరుకుతున్నది ఒకటే. రెండోది ఫోన్లో ఉంది. ఆ కాపీల మీద ఒక మూల కంపెనీ గుర్తు, ఇంకో మూల ఏదో ప్రకటన. పాటలు కోసేసి ఉంటాయి, మాట ఒకచోట, పెదవులు ఒకచోట.

తెర మీద వేస్తే చాలదు, సరిగ్గా వెయ్యాలి. ఒక అనుభవం చెప్పాలి. మూడేళ్ళ క్రితం ఒక పట్టణంలో ‘మాయాబజార్‌’ ప్రత్యేక ప్రదర్శన ఉందంటే మాస్టారు బస్సెక్కి వెళ్ళారు. తెర నిండుగా ఉంది, జనమూ బాగానే వచ్చారు. ఎస్వీ రంగారావు తెర మీదికి రాగానే కిరీటం సగానికి తెగిపోయింది. సినిమా అంతా అంతే. నిలబడిన వాళ్ళకి నుదురు లేదు, కూర్చున్న వాళ్ళకి కాళ్ళు లేవు. విశ్రాంతిలో ఆయన టికెట్టు వెనక లెక్క వేశారు. ఆనాటి సినిమా బొమ్మ దాదాపు చదరం, నాలుగు పాళ్ళు వెడల్పయితే సుమారు మూడు పాళ్ళు ఎత్తు. ఇప్పటి స్కోప్‌ తెర వెడల్పు ఎత్తుకి రెండింతల పైన. ఆ బొమ్మని ఈ తెర నిండా పరిస్తే, పైనా కిందా కలిపి వందలో నలభై పాళ్ళకి పైనే పోతుంది. తెలుగులో తొలి సినిమాస్కోప్‌ ‘అల్లూరి సీతారామరాజు’ 1974లో వచ్చింది. దానికి ముందు తీసినవన్నీ ఇలా నిండా పరిస్తే తలలు పోగొట్టుకునే సినిమాలే. రెండు పక్కలా నలుపు వదిలి, తీసినవాళ్ళు తీసినట్టు వేస్తే చాలు. దీనికి పైసా ఖర్చు లేదు, ప్రొజెక్టర్‌ దగ్గర కూర్చున్న మనిషికి ఒక మాట చెబితే సరిపోతుంది.

2010లో వచ్చిన రంగుల ‘మాయాబజార్‌’ని ఆయన తప్పుపట్టరు. తన పిల్లలు ఆ సినిమా చూసింది రంగులొచ్చాకే. అయినా కెమెరామన్‌ మార్కస్‌ బార్‌ట్లే నలుపు తెలుపుల్లో పట్టిన వెన్నెల మీద రంగు పూస్తే అది వెన్నెలలా లేదన్నది ఆయన మాట. పడవ మీద శశిరేఖ, అభిమన్యుడు వెళ్తుంటే నీళ్ళ మీద మెరుపు చూడాలంటే అసలు ప్రతే కావాలి. రంగులది ఉండనివ్వండి, అసలుదీ వెయ్యండి.

మరి ఇవన్నీ చూపించడానికి ప్రింట్లున్నాయా? తొలి తెలుగు టాకీ, హెచ్‌.ఎం. రెడ్డి ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. ఆ తేదీని తెలుగు సినిమా పుట్టినరోజుగా జరుపుకుంటున్నాం గానీ చూద్దామంటే సినిమా మిగల్లేదు. అప్పటి ఫిల్ము నైట్రేట్‌ మీద తయారయ్యేది, సులువుగా అంటుకునేది. తర్వాత వచ్చిన ఫిల్ము అంటుకోకపోయినా ఉక్కకీ తేమకీ పాడవుతుంది. అలా పాడైన రీలు డబ్బా మూత తీస్తే వెనిగర్‌ వాసన గుప్పుమంటుంది. ఆడటం అయిపోయిన ప్రింట్లని వెండి కోసం కరిగించిన రోజులు కూడా ఉన్నాయి. అలా మన కళ్ళ ముందు నుంచే ఎన్నో పోయాయి.

పోకుండా కాపాడుకోవచ్చనడానికి రుజువులూ ఉన్నాయి. 2024 సెప్టెంబర్‌లో అక్కినేని శతజయంతికి పుణె జాతీయ ఫిల్మ్‌ ఆర్కైవ్‌, ఫిల్మ్‌ హెరిటేజ్‌ ఫౌండేషన్‌ కలిసి ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’, ‘గుండమ్మ కథ’ లాంటివి దేశంలోని పలు నగరాల్లో మల్టీప్లెక్సుల్లో వేశారు. చెడిపోయిన పాత రీలుని బాగుచేయించి ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ని 2025 మే 9న తిరిగి విడుదల చేశారు. 1990లో సరిగ్గా అదే తేదీన, తుపానులో విడుదలైన సినిమా అది. ‘ఆదిత్య 369’ కూడా 2025లోనే మళ్ళీ వచ్చింది. 2022లో ‘పోకిరి’తో ఊపందుకున్న ఈ రీరిలీజుల్లో కుర్రాళ్ళ సందడి చూసి మాస్టారు సంతోషించారు. ఆయన బాధల్లా ఒకటే. పుట్టినరోజుకి కేకు కోసి ఈలలు వెయ్యడానికి అభిమానులున్న హీరోల సినిమాలే ఇలా తిరిగొస్తున్నాయి. బి.ఎన్‌. రెడ్డి పుట్టినరోజుకి ఫ్లెక్సీ ఎవరు కడతారు? సూర్యకాంతం కోసం అర్ధరాత్రి హాలు ముందు ఎవరు నిలబడతారు? వాళ్ళ తరఫున నిలబడాల్సింది చాంబరే.

హాళ్ళవాళ్ళ కష్టం ఆయనకి తెలుసు. 2024 మేలో తెలంగాణలో సింగిల్‌ స్క్రీన్లు పది రోజుల పాటు మూతపడ్డాయి. ఎన్నికలు, ఐపీఎల్‌, పెద్ద సినిమాలు లేకపోవడం, కరెంటు ఖర్చు కూడా రాని ఆటలు. మరుసటి ఏడాది అద్దెకా, పర్సెంటేజీకా అని మళ్ళీ తగువు. ఇంత కష్టంలో ఉన్నవాళ్ళని నష్టానికి ఆట వెయ్యమనడం న్యాయం కాదు. కాబట్టి సినిమా హక్కులున్నవాళ్ళు ఆ ఒక్క ఆటకి అద్దె అడగకుండా వచ్చినదాంట్లో పాలు తీసుకోవాలి. టికెట్టు వంద రూపాయలు దాటకూడదు. నెలకి నాలుగు సినిమాల జాబితా ముందే ప్రకటించాలి. స్కూళ్ళకీ కాలేజీలకీ చెప్పే పని మాస్టారు లాంటివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ నెత్తిన వేసుకుంటారు. ‘శంకరాభరణం’ 1980లో మొదట ఖాళీ హాళ్ళలోనే ఆడింది, చూసినవాళ్ళు చెప్పుకోగా చెప్పుకోగా నిండింది. జె.వి. సోమయాజులు అప్పటికి సినిమా హీరో కాదు, డిప్యూటీ కలెక్టరు. ఆ జనం పిల్లలూ మనవలూ ఇంకా ఇక్కడే ఉన్నారు.

మొదటి ఆదివారానికి ‘మల్లీశ్వరి’ అయితే మాస్టారు రెండు టికెట్లు తీసుకుంటారు. రెండోది పదకొండేళ్ళ మనవరాలికి. పోయిన దసరా సెలవుల్లో ఇద్దరూ ఫోన్లో ఆ సినిమా మొదలుపెట్టారు. వాన వెలిసింది, మారువేషాల్లో వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. ఇంతలో ఏదో యాడ్‌ పడింది. తాతయ్యా, నిజంగా పల్లకీ పంపిస్తారా అని ఆ పిల్ల అడిగింది. మాస్టారు చెప్పలేదు. ఫోను పక్కన పెట్టి, మిగతాది హాల్లో చూద్దామన్నారు.