చదరంగం నేర్పుతున్నాం సరే, రూల్స్ పూర్తిగా నేర్పుతున్నామా?

మిత్రులారా, పోస్టు కొంచెం పెద్దది. తండాల్లో, కాలనీల్లో, గూడేల్లో పిల్లలకి చెస్ నేర్పుతున్న అన్నలూ అక్కలూ మాత్రం చివరిదాకా చదవండి. గురజాల చుట్టుపక్కల సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెడుతున్న మేం కొందరం కలిసి రాస్తున్న మాట ఇది. ఇందులో తప్పు మాదే ఎక్కువ.

పోయినేడాది ఒక స్కూల్ పోటీకి నలుగురు పిల్లల్ని తీసుకెళ్లాం. అందులో ఒకడు ఎనిమిదో తరగతి. అమ్మానాన్న మిరప కోతలకి పోతే ఇంటి దగ్గర చెల్లెల్ని చూసుకుంటూ ఫోన్లో ఆట నేర్చుకున్నాడు. ఆ రోజు ఎదుటి పిల్లాడి బలగం మొత్తం తినేశాడు. మనవాడి దగ్గర మంత్రి, ఏనుగు, మూడు బంట్లు. అవతల ఒంటి రాజు, అదీ మూలన నక్కి ఉంది. మనవాడు మంత్రిని దగ్గరికి జరిపి, రాజుకి ఎటూ దారి లేకుండా చేసి, "అయిపోయింది సార్" అని చెయ్యెత్తాడు. సార్ వచ్చి బల్ల చూసి "డ్రా" అని రాసుకుని వెళ్లిపోయారు. చెరి అర పాయింటు. వాడికి ఏం జరిగిందో అర్థం కాలేదు. దారిపొడుగునా ఒకటే మాట: "అన్నా, రాజు కదల్లేకపోయాడు గదా, మరి నేనే గదా గెలిచింది?"

ఆ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. వాడు తెలివి తక్కువై అడిగింది కాదు అది. వాడు పుట్టినప్పటి నుంచి చూసిన ఆట పులిమేక. మన దగ్గర నాపరాయి అరుగుల మీద బొగ్గుతో గీసుకుని ఆడతారే, అదే. మూడు పులులు, పదిహేను మేకలు. పులి పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకితే మేక పోయినట్టు. పులులకి కదిలే దారి లేకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. అంటే కట్టెయ్యడమే గెలుపు. వాడు చెస్‌లో చేసింది సరిగ్గా అదే, కట్టేశాడు. కానీ చెస్‌లో రాజుకి కదిలే చోటు లేనప్పుడు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: ఇప్పుడు రాజు మీద దాడి ఉందా, అంటే చెక్ ఉందా? ఉంటే చెక్‌మేట్, ఆట మనది. లేకపోతే, ఎదుటివాడు కదపడానికి ఇంకే పావూ లేకపోతే, అది స్టేల్‌మేట్, డ్రా. మనకి ఎన్ని పావులున్నా సరే.

ఈ ఒక్క తేడా మేం చెప్పలేదు. గుర్రం ఎలా గెంతుతుందో చెప్పాం, యూట్యూబ్‌లో చూసి రెండు ఓపెనింగులు కూడా బట్టీ పట్టించాం. ఆట ఎప్పుడు ముగుస్తుందో చెప్పలేదు. పిల్లలకి ఇప్పుడు ఒక గుర్తు చెప్తున్నాం, మీరూ చెప్పండి: మూలనున్న ఒంటి రాజుకి మీ మంత్రి సరిగ్గా గుర్రం గెంతు దూరంలో ఆగిందంటే ఆ రాజుకి చెక్ లేదు, దారీ లేదు. ఆ గడిలో మంత్రిని పెట్టొద్దు. బల్ల మీద పెట్టి చూపిస్తే ఐదు నిమిషాల్లో ఎక్కుతుంది.

ఇంకో అమ్మాయి కథ వేరు. క్యాస్లింగ్ చెయ్యబోయి ముందు ఏనుగుని పట్టుకుంది. ఎదుటివాళ్లు అభ్యంతరం చెప్పారు, ఏనుగునే కదపమన్నారు. ఆ రూల్ నిజమే. క్యాస్లింగ్‌లో ముందు ముట్టుకోవాల్సింది రాజుని, అదీ ఒంటిచేత్తో. అసలు ముట్టుకున్న పావునే కదపాలన్నది పోటీ ఆటలో మొదటి నియమం. సర్దుకోవడానికైతే ముందే చెప్పి ముట్టుకోవాలి. ఆ అమ్మాయికి ఇది ఎలా తెలుస్తుంది? ఫోన్లో రాజుని రెండు గడులు లాగితే ఏనుగు దానంతటదే వచ్చి కూర్చుంటుంది. తప్పు ఎత్తు వేస్తే యాప్ అసలు ఒప్పుకోదు, పావుని వెనక్కి పంపేస్తుంది. ఎక్కడికి పోవచ్చో చుక్కలు పెట్టి మరీ చూపిస్తుంది. అందుకే ఫోన్లో నేర్చుకున్న పిల్లలకి ఆట వస్తుంది, రూల్స్ రావు. రూల్స్ అన్నీ యాప్‌కి తెలుసు, పిల్లకి తెలీదు. బల్ల మీద మాత్రం తప్పుకి లెక్క ఉంటుంది. అంతర్జాతీయ నియమాల ప్రకారం గడియారం పెట్టి ఆడే మామూలు ఆటలో మొదటి తప్పు ఎత్తుకి ఎదుటివాళ్లకి రెండు నిమిషాలు అదనంగా ఇస్తారు. రెండోసారి చేస్తే సాధారణంగా ఆట పోయినట్టే.

ఫోన్ వద్దని మేం అనడం లేదు. మన పిల్లలకి కోచ్ ఎక్కడ దొరుకుతాడు, ఫోనే కోచ్. కానీ వారానికి రెండు రోజులైనా బల్ల మీద, చేత్తో ఆడించాలి. సెట్ లేకపోతే అట్టముక్క మీద ఎనిమిదికి ఎనిమిది, అరవై నాలుగు గడులు గీసి సోడా మూతల మీద పేర్లు రాయండి. కుడిచేతి మూలన తెల్ల గడి రావాలి, మంత్రి తన రంగు గడిలో నిలబడాలి. ఈ రెండూ చూసుకోకుండా ఆట మొదలుపెట్టిన బల్లలు మా దగ్గరే ఎన్నో.

పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్న పిల్లలకి ఇంకో తిప్పలు. నాటు పద్ధతిలో బంటు మొదటిసారి కూడా ఒక్క గడే కదులుతుంది. రాజు ఆటలో ఒక్కసారి గుర్రంలా గెంతొచ్చు. బంటు చివరి వరసకి చేరితే ఆ గడిలో మొదట ఏ పావు ఉండేదో అదే అవుతుంది. ఇవి తప్పులు కావు, పాత భారతీయ పద్ధతి. పోటీల్లో వేరు. బంటు మొదటి ఎత్తులో రెండు గడులు పోవచ్చు. అలా రెండు గడులు పోయి శత్రువు బంటు పక్కన ఆగితే, ఒక్క గడే కదిలినట్టు లెక్కేసి దాన్ని తినెయ్యొచ్చు, కానీ వెంటనే వచ్చే ఎత్తులోనే. దీన్ని ఆన్‌పాసాఁ అంటారు. మొదటిసారి చూసిన ప్రతి పిల్లా "మోసం" అని అరుస్తుంది. ఇక చివరి వరసకి చేరిన బంటు మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం ఏదైనా కావచ్చు, మన ఇష్టం.

నాటు ఆట ఆడినవాళ్లు ఎదగలేరనుకోవద్దు. పంజాబ్‌లో ఒక జమీందారు దగ్గర పనిచేసిన మీర్ సుల్తాన్ ఖాన్ నేర్చుకున్నది ఆ పాత పద్ధతే. పెద్దయ్యాక కొత్త రూల్స్ నేర్చుకుని, దొర వెంట ఇంగ్లండ్ వెళ్లి, 1929, 1932, 1933లో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. ప్రపంచ ఛాంపియన్‌గా ఉండి దిగిన కాపాబ్లాంకాని కూడా ఓడించాడు. చనిపోయిన ఎన్నో ఏళ్లకి, 2024లో, గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చారు.

మన గ్రూప్‌లోనే కొందరు అన్నలు అన్నారు, "డీఎస్సీకి, గ్రూప్స్‌కి చదవాల్సిన వయసులో ఈ ఆటలేంట్రా" అని. వాళ్ల బాధ మాకు తెలుసు. చెస్ ఆడితే ఉద్యోగం వస్తుందని మేం ఎవరికీ చెప్పడం లేదు. కానీ 2024 సెప్టెంబర్‌లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో ఇండియా రెండు బంగారు పతకాలు గెలిస్తే, పురుషుల వైపున్న పెంటేల హరికృష్ణ, మహిళల జట్టులో ఉన్న ద్రోణవల్లి హారిక ఇద్దరూ గుంటూరు వాళ్లే. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా అయ్యేదాకా మనదీ గుంటూరు జిల్లానే. కోనేరు హంపి గుడివాడలో పుట్టింది. అంటే ఈ ఆట మనకి దూరంలో ఏమీ లేదు. వాళ్ల ఇళ్లల్లో చిన్నప్పుడే ఎవరో ఒకరు బల్ల ముందు కూర్చుని రూల్స్ చెప్పారు. మన ఇళ్లల్లో ఆ మనిషి లేరు, ఆ చోటే మనం పూడ్చాల్సింది.

ఇంకో మాట. ఇంగ్లీషు పేర్లు ముందే రుద్దొద్దు. చిన్నపిల్లలకి గుర్రం అనండి, లంబాడీ పిల్లలైతే ఘోడో అనండి, ఏం పోదు. శకటుని కొన్ని ఊళ్లలో ఒంటె అంటారు, అననివ్వండి. పోటీకి వెళ్లే ముందు ఇంగ్లీషు మాటలు ఒక పదో పన్నెండో నేర్పితే చాలు: చెక్, డ్రా, టచ్ మూవ్ లాంటివి. అభ్యంతరం ఉంటే గడియారం ఆపి చెయ్యెత్తి సార్‌ని పిలవడం మాత్రం తప్పకుండా ప్రాక్టీస్ చేయించండి. మన పిల్లలు ఎత్తులు భయపడకుండా వేస్తారు, చెయ్యెత్తడానికే భయపడతారు. ఆ క్యాస్లింగ్ అమ్మాయి ఇంకో ఆటలో ఎదుటివాడు ముట్టుకున్న పావు వదిలి వేరేది కదిపితే నోరెత్తలేదు. రూల్ ఇద్దరికీ ఒకటే అని ఆమెకి మేం చెప్పి ఉండాల్సింది.

గురజాల వాళ్లకి ఆట గొడవ ఎందాకా పోతుందో వేరే చెప్పక్కర్లేదు. నలగామరాజు ఏలిన ఊరు మనది. పందెం కోళ్ల దగ్గర న్యాయం తప్పిందన్న మాట కారెంపూడి దాకా పోయిందని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. మనవాడి డ్రా అంత దూరం పోలేదు లెండి. వాడు ఇప్పుడు ఆరో తరగతి పిల్లలకి స్టేల్‌మేట్ నేర్పుతున్నాడు. ముందు పులిమేక ఆడించి, తర్వాత బల్ల తిప్పి "ఇక్కడ కట్టేస్తే గెలుపు కాదు" అని చూపిస్తాడు. మాకంటే బాగా చెప్తాడు.

మా దగ్గర ప్రస్తుతం మూడు సెట్లున్నాయి, ఒకదాంట్లో నల్ల గుర్రం పోయింది, దాని బదులు చింతగింజ పెడుతున్నాం. మీ ఇంట్లో వాడని సెట్ గానీ, పాతదైనా చెస్ గడియారం గానీ ఉంటే కామెంట్లో చెప్పండి, మేమే వచ్చి తీసుకెళ్తాం.