గరిటె వదలొద్దు!

నూనె అర కప్పు. మైదా అర కప్పు. అడుగు మందంగా ఉన్న గిన్నె, ఒక చెక్క గరిటె, సన్నని మంట, 40 నిమిషాలు. లూసియానాలో గంబో వండాలంటే మొదట కావల్సింది ఇంతే. వినడానికి ఈజీగా ఉంది కదా? కష్టమల్లా ఆ 40 నిమిషాలే. గిన్నె ముందు నిలబడి కలుపుతూనే ఉండాలి. మధ్యలో ఫోన్ చూడకూడదు. మనవల్ల అవుతుందా బాస్?

మొదటిసారి నావల్ల కాలేదు.

నేనుండేది బాటన్ రూజ్‌లో. ఎమ్మెస్‌కి లూసియానా వచ్చి, ఉద్యోగం దొరికితే ఇక్కడే ఉండిపోయా. నాలుగేళ్లలో నేను తిన్న ఈ ఊరి తిండి అంటే ఆఫీసు పార్టీల్లో నాలుగు స్పూన్ల జంబాలయా. ఇంట్లో అన్నం, పప్పు, ఆవకాయ. అంతే.

పోయిన ఫిబ్రవరిలో ఓ గురువారం, పదిహేను నిమిషాల మీటింగ్‌లో మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. హెచ్‌1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజుల గ్రేస్ పీరియడ్. ఆలోపు ఇంకో కంపెనీ మన కోసం పిటిషన్ వేయకపోతే చాలామందికి బ్యాగులు సర్దుకోవడమే దారి. ఇంట్లో చెప్పలేదు. అమ్మ ఫోన్ చేస్తే ‘మీటింగ్‌లో ఉన్నా’ అని మెసేజ్ కొట్టేవాణ్ణి. ఏ మీటింగో నాకే తెలీదు.

ఆ ఆదివారం ఫ్రిజ్‌లో చికెన్, బెండకాయలు ఉన్నాయి. బయట తినడం మానేశా కదా, సరే అని వీడియో చూసి గంబో మొదలెట్టా. పదిహేనో నిమిషంలో మెయిల్ వచ్చింది. ‘మీ అప్లికేషన్‌కి థ్యాంక్స్, కానీ...’ టైపు. అది చదివి తలెత్తేసరికి గిన్నెలో పొగ, పైన స్మోక్ అలారం కూత. పక్క ఫ్లాట్ పెద్దాయన వచ్చి తలుపు కొట్టాడు. లఫాయెట్ దగ్గర పల్లెటూరాయన. గిన్నెలోకి తొంగిచూసి, నల్ల చుక్కలు చూపించి, పారబొయ్యమన్నాడు. ఒక్క చుక్క మాడినా కుండంతా చేదేనట, ఏ మసాలా దాన్ని దాచలేదట. “మంట పెంచావా?” అనడిగాడు. పెంచా. తొందరగా అయిపోతుందని.

ఈ నూనె-మైదా వేపుడిని ఇక్కడ ‘రూ’ అంటారు. ధరల ముందు రాసే రూ. కాదు, ఫ్రెంచి మాట. మొదట తెల్లగా ఉంటుంది. తర్వాత పల్లీల ముద్ద రంగుకొస్తుంది. ఇంకాసేపటికి రాగి చెంబు రంగు. చివరికి డార్క్ చాక్లెట్. రంగు ముదిరేకొద్దీ చిక్కబరిచే గుణం తగ్గుతుంది, రుచి పెరుగుతుంది. ఎక్కడ ఆపాలనేది ఇంటింటికీ మారుతుంది. పెద్దాయన లెక్క ప్రకారం రాగి రంగు దగ్గర ఆపేవాళ్లు పిరికివాళ్లు.

రెండో ప్రయత్నం బుధవారం పొద్దున. రూ రాగి రంగు దాటుతోంది. షెల్ఫ్‌కి ఆనించిన ఫోన్‌లో వీడియో నడుస్తుంటే, దాని మీదకి అమ్మ కాల్ వచ్చింది. కట్ చేద్దామని పిండి వేలితో జరిపితే అది కాస్తా లిఫ్ట్ అయింది.

“ఏరా, ఇవాళ బుధవారం కదా, ఈ టైమ్‌లో వంటేంటి? ఆఫీసు లేదా?”

మామూలుగా అయితే సిగ్నల్ లేదని పెట్టేసేవాణ్ణి. కానీ గరిటె వదిలితే మాడిపోతుంది. కదల్లేను, ఆపలేను. కలుపుతూనే చెప్పేశా. ఉద్యోగం పోయి ఆరు రోజులైందని, ఇంకా 54 ఉన్నాయని. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత అమ్మ అంది: “సరేలే. ముందు అది అడుగంటకుండా చూసుకో. పెట్టెయ్యకు, నేనుంటా.”

అక్కణ్ణుంచి మిగతా వంటంతా అమ్మ చూస్తుండగానే అయింది. రూ చాక్లెట్ రంగుకి రాగానే రెండు ఉల్లిపాయలు, ఒక క్యాప్సికమ్, రెండు కాడల సెలెరీ ముక్కలు పడాలి. ఈ మూడింటినీ ‘హోలీ ట్రినిటీ’ అంటారు. మనకి పోపు ఎలాగో వీళ్లకి ఇవి అలాగ. ఇవి పడగానే రూ వేడి తగ్గి, ఇక ముదరకుండా ఆగుతుంది. అవి మెత్తబడ్డాక వెల్లుల్లి, లీటరున్నర చికెన్ స్టాక్ కొంచెం కొంచెంగా, ముప్పావు కిలో చికెన్, బిర్యానీ ఆకు, థైమ్, మిరియాలు, కారం. వీళ్ల ఆండూయీ సాసేజ్ ఉంటే పొగ వాసన కూడా వస్తుంది. పావుకిలో బెండకాయలు విడిగా వేయించి, జిగురు పోయాక కలపాలి. గంట సేపు సన్నగా ఉడకాలి. తినేది వేడన్నంలోనే.

“ఇంత కష్టపడి చేసింది బెండకాయ పులుసేనా?” అంది అమ్మ. తప్పేం కాదు. ‘గంబో’ అనే మాట ఆఫ్రికా భాషల్లో బెండకాయకున్న పేరు నుంచే వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. ఫ్రెంచిలో ఇప్పటికీ బెండకాయని ‘గోంబో’ అనే అంటారు. ఈ గిన్నెలో రూ ఫ్రెంచి వాళ్లది. బెండకాయ, బానిసలుగా పట్టుకొచ్చిన ఆఫ్రికన్లది. కొందరు చిక్కదనానికి చల్లే సాసఫ్రాస్ ఆకుల పొడి ఇక్కడి చోక్టా ఆదివాసులది. కేజన్లయితే 1755 నుంచి బ్రిటిష్ వాళ్లు ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియా ప్రాంతం నుంచి వెళ్లగొట్టిన అకేడియన్ల వారసులు. అకేడియన్ అన్న మాటే అరిగి కేజన్ అయింది. ఇది చదివాక నా 60 రోజుల గురించి కాసేపు నోరు మూసుకున్నా.

న్యూ ఓర్లీన్స్‌లో లేయా చేజ్ అనే గొప్ప క్రియోల్ వంటమనిషి ఉండేవారు. 2019లో పోయారు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకచోట కూర్చుని తినడాన్ని చట్టాలు ఒప్పుకోని రోజుల్లో, పౌరహక్కుల కార్యకర్తలు ఆవిడ నడిపిన ‘డూకీ చేజ్’ రెస్టారెంట్ పైగదిలో కలిసి గంబో తింటూ ప్లాన్లు వేసుకున్నారు.

నాకు అసలు కష్టం సోమవారాలు. తొమ్మిదింటికి స్టాండప్ ఉండదు, అడిగేవాడుండడు. దానికి పెద్దాయన మందు రెడ్ బీన్స్. లూసియానాలో ఒకప్పుడు సోమవారం అంటే బట్టలుతుక్కునే రోజు. పొయ్యి దగ్గర నిలబడే తీరిక ఉండదు కాబట్టి ఆదివారం మిగిలిన మాంసం ఎముక, నానబెట్టిన రాజ్మా కుండలో పడేసి, సన్న మంట మీద వదిలేసేవాళ్లు. సాయంత్రానికి అన్నంలోకి కూర రెడీ. న్యూ ఓర్లీన్స్‌లో పుట్టిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడు ఉత్తరాల చివర ఈ వంటకం పేరుతో సంతకం పెట్టేవాడు. నేనూ సోమవారం పొద్దున్నే రాజ్మా పడేసి, అది ఉడికేలోపు అప్లికేషన్లు పెట్టేవాణ్ణి. గంబో దగ్గర నిలబడాలి, రెడ్ బీన్స్‌ని వదిలెయ్యాలి. ఏది ఏదో నాకు తెలియడానికి నెల పట్టింది.

52వ రోజున ఆఫర్ వచ్చింది. 58వ రోజున పిటిషన్ పడింది. నాతోపాటు ఉద్యోగం పోయిన ఇద్దరికి ఆ టైమ్‌లో రాలేదు. ఇండియా వెళ్లిపోయారు. వెళ్లేముందు ఆదివారం మా ఇంట్లోనే తిన్నారు.

చివరగా ఒక మాట. ఒక్కడి కోసం గంబో వండకండి, కుదరదు. ఎంత తగ్గించినా ఆరుగురికి వస్తుంది. మిగిలింది మర్నాటికి ఇంకా బాగుంటుంది. పక్క ఫ్లాట్‌కి ఒక డబ్బా ఇవ్వండి. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తండి. గరిటె మాత్రం వదలకండి.