డిమాండ్ లేదంట!

గూడేనికి బస్సెందుకు వెయ్యరని అడిగితే ఆఫీసర్ల నోట ఒకటే మాట: "ఆ రూట్లో డిమాండ్ లేదు." మేం గొంతు చించుకుని చేసేది డిమాండ్ కాదంట. కండక్టర్ సంచిలో పడే డబ్బే డిమాండంట. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగినా పెట్టనోళ్ళని ఏమనాలి?

అన్నలారా, అక్కలారా! ఈ మాట ఎట్లా పుడుతుందో మనం తెలుసుకోవాలి. ఓ.ఆర్. అని ఒక లెక్కుంది. నడిపిన సీట్లలో నూటికి ఎన్ని నిండాయన్నదే ఆ లెక్క. పొద్దున గూడెం నుంచి మండలానికి బస్సు నిండుగా పోతుంది, తిరిగి ఖాళీగా వస్తుంది. మాపటికి నిండుగా వచ్చి ఖాళీగా పోతుంది. కూలోళ్ళు పొద్దున పోయి సాయంత్రం వస్తారు గనక రోజంతా కలిపితే సగం సీట్లు ఖాళీ. అంటే కూలి బతుకు నడిచే తీరునే నష్టమని రాసుకుంటున్నారు! ఇంకో మాయ చూడండి. కూలికి ఆరింటికి కదలాలి, బస్సు పదింటికొస్తుంది. ఎక్కేవాళ్ళు లేరని కొన్నాళ్ళకి దాన్నీ ఎత్తేస్తారు. ఇక అసలు బస్సే పోని గూడెం ఏ లెక్కలోనూ ఉండదు. రాని బస్సు కోసం ఎదురుచూసేవాళ్ళని లెక్కబెట్టే మిషన్ ఇంకా పుట్టలేదు.

డిమాండ్ లేకపోతే ఈ ట్రాలీ ఆటోలు ఎవరి కోసం తిరుగుతున్నాయి? మిర్చి ఏరే కాలంలో మేస్త్రీ ఫోన్ కొడితే తెల్లారకముందే బండి గూడెం ముందుకొచ్చి ఆగుతుంది. చర్ల, దుమ్ముగూడెం వైపు కోయ కూలీలు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన వలస జనం, మాల మాదిగ వాడల ఆడకూతుళ్ళు సరుకు బండిలో బస్తాల్లాగా కుక్కుకొని పోతారు. బోల్తా పడితే బీమా దగ్గర పేచీ. పిలిస్తే వచ్చే బండి ఈ అడివి అంచున ఇప్పటికే ఉంది. లేనిది సర్కారు బండి!

ఇంకో రుజువు. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి జీరో టికెట్ ఇచ్చారు. బస్సులు కిటకిటలాడాయి. ఆ ఆడవాళ్ళంతా ఆకాశం నుంచి ఊడిపడ్డారా? అంతకుముందు వాళ్ళకి పోవాల్సిన పని లేదా? పనుంది, చేతిలో పైసల్లేవు. అయితే బస్సే రాని గూడేనికి జీరో టికెట్ అంటే నిజంగానే జీరో.

పిలిస్తే పలకడం ఆర్టీసీకి చేతకాదా? 2024 మేడారం జాతరకి 6,000 ప్రత్యేక బస్సులు ప్రకటించింది. భద్రాద్రి రాముడి కల్యాణానికి స్పెషల్ బస్సులు వేస్తుంది. అద్దె కడితే పెళ్ళింటికి బస్సు పంపుతుంది. జాతరకి బస్సు వద్దని మేం అనడం లేదు. నెలలు నిండిన గూడెం బిడ్డకి ఎందుకు రాదని అడుగుతున్నాం. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం 18వ సెక్షన్ జనానికి చాలినన్ని సర్వీసులు నడపడం కార్పొరేషన్ బాధ్యతంటుంది. 22వ సెక్షన్ వ్యాపార సూత్రాల మీద నడవమంటుంది. పాలకుల కళ్ళకి 22 కనబడుతుంది, 18 కనబడదు!

2023 మేలో విలేజ్ బస్ ఆఫీసర్లని పెట్టారు, ఊళ్ళ అవసరాలు తెలుసుకోమని. మంచిదే. ఊరంటే ఎవరు? రచ్చబండ మీద కూర్చున్నోళ్ళేనా? 1901లో చిన్నపిల్లాడైన అంబేద్కర్ మసూర్ స్టేషన్లో దిగి బండి అడిగితే, మహార్ పిల్లలని తెలిసి ఎవ్వరూ కట్టలేదు. రెట్టింపు కిరాయికి, అదీ పిల్లలే తోలుకోవాలన్న షరతు మీద ఒక బండి దొరికింది. అక్కడ డబ్బుంది, అవసరముంది. అయినా బండి కదల్లేదు. అడిగేదెవరన్నదే అసలు లెక్క.

ఇంటింటికీ బస్సు రమ్మనడం లేదు మేం. ఫిన్లాండు దేశపు హెల్సింకిలో 2012లో పిలిస్తే వచ్చే చిన్న బస్సులు పెట్టి, ఖర్చు మోయలేక 2015 ఆఖరున ఆపేశారు. కేరళలో 2022లో గ్రామవండి మొదలైంది. డీజిల్ ఖర్చు స్థానిక సంస్థది, బస్సూ సిబ్బందీ ఆర్టీసీవి, దారీ టైమూ ఊరు చెబుతుంది. మన పేద పంచాయతీలు అంత మోయలేవు. కానీ 2017 చట్టంతో వచ్చిన ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి ఉంది కదా! వాడకి, గూడేనికి నేరుగా చేరే బండి కంటే ఆ నిధికి తగిన పనేముంది?

మేం కోరేది:

1. పొద్దున ఆరింటికీ, సాయంత్రం కూలి వదిలే టైముకీ మండలం దాకా బస్సు కచ్చితంగా నడవాలి.
2. అక్కడి నుంచి గూడేలకి ముందురోజు చెబితే వచ్చే ఆర్టీసీ చిన్న బండి కావాలి. అందులోనూ జీరో టికెట్ చెల్లాలి. సిగ్నల్ లేనిచోట యాప్ అనొద్దు. ఆశా కార్యకర్తకో, బడి పంతులుకో చెప్పినా చాలాలి.
3. బస్సు ఉంచాలా తీసెయ్యాలా అన్నది ఓ.ఆర్. ఒక్కటే చెప్పకూడదు. ఎంతమంది పిల్లలు బడి మానలేదు, ఎంతమంది కాన్పుకి ఆసుపత్రి చేరారు, ఎంతమంది సరుకు బండి ఎక్కడం మానారు - ఇదీ లెక్కే.

కార్యకర్తలకి ఒక పని. ప్రతి వాడలో ఒక నోటుబుక్కు పెట్టండి. పదిహేను రోజులు రాయండి: ఎవరు, ఎన్నింటికి, ఎక్కడికి, దేనిమీద పోయారు, ఎంత కట్టారు, బండి లేక ఎవరు ఆగిపోయారు. ఆగిపోయినోళ్ళ పేజీ తప్పకుండా రాయండి, ఆఫీసు పుస్తకంలో లేనిది అదే. ఆ నోటుబుక్కులు తీసుకుని అందరం కలిసి డిపోకి పోదాం. డిమాండ్ లేదన్నోళ్ళ బల్లమీద పెడదాం. చదువుకోనీ!