కట్టడానికి చట్టం ఉంది, పడకకు లేదు

మూసీ ఉత్తరపు ఒడ్డున, అఫ్జల్‌గంజ్‌లో ఉన్న ఉస్మానియా జనరల్ ఆసుపత్రి పాత భవనంపై దశాబ్దకాలంగా సాగిన వివాదాన్ని వారసత్వ కట్టడానికీ రోగుల ప్రాణాలకూ మధ్య పోటీగా చూపడం అలవాటైపోయింది. కూల్చాలన్నవారు రోగుల పేరు చెప్పారు, కాపాడాలన్నవారు చరిత్ర పేరు చెప్పారు. ఈ వివాదాన్ని నడిపించిన చట్టాలనూ ఉత్తర్వులనూ వరుసగా పరిశీలిస్తే మాత్రం తేలేది వేరు. కట్టడం పక్షాన వాదించడానికి నిబంధనలు ఉన్నాయి, స్థలం పక్షాన ఉన్నాయి, పథకాల కింద చెల్లించే సొమ్ముకూ ఉన్నాయి. ఆసుపత్రిలో వంద పడకలు తగ్గిపోతే ఎవరు జవాబు చెప్పాలో, ఎంత కాలంలో వాటిని తిరిగి సమకూర్చాలో చెప్పే నిబంధన లేదు. పాతబస్తీ పేదలకు వైద్యం దూరమైన తీరును అర్థం చేసుకోవాలంటే ఈ లోటు దగ్గరే మొదలుపెట్టాలి.

ఈ ఆసుపత్రి పుట్టుకే ఒక పాలనా నిర్ణయం. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1866లో, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఏర్పడింది. శస్త్రచికిత్సకు ముందు స్పృహ తప్పించే క్లోరోఫాం ఎంతవరకు సురక్షితమో తేల్చడానికి 1888, 1889లలో నిజాం ప్రభుత్వ ఖర్చుతో హైదరాబాదులోనే రెండు విచారణ సంఘాలు పనిచేశాయి. వాటి నిర్ధారణలను తరువాతి పరిశోధకులు సవాలు చేసినా, ప్రభుత్వ సొమ్ము వైద్య విధానాన్ని సుదూర దేశాల్లో సైతం చర్చకు పెట్టగలదని ఆ ఉదంతం చూపింది. 1908 సెప్టెంబరు వరదలో ఆసుపత్రి దెబ్బతిన్నాక, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో విన్సెంట్ ఎష్ రూపకల్పనతో ప్రస్తుత పాత భవనం వెలిసింది. అదే వరద తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కూడా వచ్చాయి గనుక, వరద నియంత్రణనూ పారిశుద్ధ్యాన్నీ వైద్యాన్నీ ఒకే బాధ్యతగా చూసిన దృష్టి అప్పటి పాలనలో ఉందనుకోవచ్చు. ఆ దృష్టి తరువాతి చట్టాల్లో ముక్కలైపోయింది.

వారసత్వ కట్టడాల రక్షణ కోసం 1995లో నగరాభివృద్ధి సంస్థ జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధనను చేర్చారు. జాబితాకెక్కిన భవనాన్ని కూల్చాలన్నా, రూపురేఖలు మార్చాలన్నా ముందుగా నిపుణుల సంఘం సలహా, సంస్థ అనుమతి ఉండాలన్నది దాని సారాంశం. ఉస్మానియా ఆ రక్షణ పొందిన కట్టడాల్లో ఒకటి. 2015 జూలైలో భవనాన్ని కూల్చి బహుళ అంతస్తుల ఆసుపత్రి కడతామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించినప్పుడు వారసత్వ పరిరక్షకులు ఈ నిబంధనను ఆధారం చేసుకున్నారు. ఆ ఏడాది చివరలో ప్రభుత్వం నిబంధననే తొలగించి, 2017లో తెలంగాణ వారసత్వ చట్టాన్ని తెచ్చింది. వారసత్వ భవనమైన ఇర్రమ్ మంజిల్‌ను కూల్చి శాసనసభ కట్టాలన్న మంత్రిమండలి నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేయడంతో కట్టడాల పక్షం బలపడింది. ఆ తీర్పు మంచిదే. కాని కూల్చరాదన్న నిషేధానికీ, బాగుచేసి తీరాలన్న విధికీ మధ్య ఎంతో దూరం ఉంది. పైకప్పు పెచ్చులు ఊడిపడే వార్డుల్లో వైద్యులు హెల్మెట్లు పెట్టుకుని నిరసన తెలపాల్సి వచ్చిన కాలంలోనూ, మరమ్మతు చేయనందుకు ఫలానా అధికారి సంజాయిషీ ఇవ్వాలని అడిగే ఏర్పాటు ఆచరణలో కనిపించలేదు. కూల్చడానికి వీల్లేని, బాగుచేయడానికి ఎవరూ బద్ధులు కాని భవనం శిథిలం కాక మరేమవుతుంది?

ఈ స్థితికి 2020 జూలై పరాకాష్ఠ. కరోనా విజృంభించిన ఆ నెలలో భారీ వర్షాలకు వాననీరు, మురుగు కలిసి పాత భవనంలోని వార్డుల్లోకి చేరాయి. రోగులను ఇతర బ్లాకులకు తరలించి, భవనాన్ని ఖాళీ చేయించి మూసివేశారు. ఆ ఘటనను చట్టం కళ్లతో చూస్తే అధికారాల చీలిక స్పష్టమవుతుంది. వైద్యులూ వార్డులూ వైద్య విద్యా సంచాలకుని పరిధిలోనివి, భవన నిర్మాణం వైద్య సేవల, మౌలిక వసతుల సంస్థది, మురుగు జలమండలిది, వీధి కాలువ నగరపాలక సంస్థది, వారసత్వపు గుర్తింపు మరో శాఖది. వీటన్నిటి మధ్య నీట మునిగిన వార్డులోని రోగికి దగ్గరగా ఉన్న అధికారి సూపరింటెండెంట్ ఒక్కరే. ఆ పదవికున్న ఆర్థికాధికారాలు మాత్రం మొత్తం పైకప్పును మార్చగలిగినవి కావు. భవనం భవిష్యత్తుపై ప్రజాప్రయోజన వ్యాజ్యాలు ఏళ్ల తరబడి నడుస్తుండగా, మిగిలిన బ్లాకులు రెండింతల భారాన్ని మోశాయి. మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో దిగి నడిచివచ్చే జిల్లాల రోగులకూ, వంతెన దాటి వచ్చే పాతబస్తీవారికీ ఆ వ్యాజ్యాల్లో తీర్పుకన్నా ముందు పడక కావలసి ఉంది.

ఆసుపత్రికి పోయిన శ్రద్ధ మరెక్కడికి మళ్లిందన్న ప్రశ్నకు ఆరోగ్యశ్రీలో కొంత సమాధానం దొరుకుతుంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ పథకం, నిర్దేశిత చికిత్సలకు పేద కుటుంబాల తరఫున ఆసుపత్రులకు ప్రభుత్వమే చెల్లించే ఏర్పాటు. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో ఐదు లక్షల నుంచి పది లక్షలకు పెరిగింది. గుండె ఆపరేషన్ అప్పుతో తప్ప జరగని కుటుంబాలకు అది నిజమైన ఆసరా, దాన్ని తక్కువ చేయడం అన్యాయం. కాని ఆ పథకం జాబితా ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలది. నెలనెలా షుగరు, బీపీ మందులు వాడాల్సిన దర్జీకి, జ్వరంతో వచ్చిన రోజుకూలీకి ఆ కార్డు వల్ల దక్కేది స్వల్పం. వారికి దిక్కు 2018 నుంచి ఏర్పడుతున్న బస్తీ దవాఖానా, అక్కడ తీరనిదైతే ఉస్మానియా ఓపీ. పైగా చికిత్సను కొనే విధానానికి ధరల పట్టిక ఉంటుంది, ఆ పట్టికలో పైకప్పు మరమ్మతుకు గడి ఉండదు. కొనుగోలుపై పెట్టిన శ్రద్ధలో కొంతైనా సొంత ఆసుపత్రి గోడలపై పెట్టి ఉంటే 2020 నాటి దుస్థితి వచ్చేది కాదు.

రాజ్యాంగం ఆసుపత్రులను రాష్ట్ర జాబితాలో ఉంచింది, ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం ప్రభుత్వ ప్రాథమిక కర్తవ్యాల్లో ఒకటని 47వ అధికరణంలో చెప్పింది. ఆదేశిక సూత్రం కనుక దాన్ని నేరుగా కోర్టులో అమలు చేయించుకోలేరు. 1996లో పశ్చిమ్ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు ఆ హద్దును కొంత దాటింది. రైలు నుంచి పడి గాయపడిన వ్యక్తిని పడకల్లేవన్న కారణంతోనూ వసతుల్లేవన్న కారణంతోనూ ప్రభుత్వ ఆసుపత్రులు తిప్పిపంపడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుకు భంగమని, నిధుల కొరత సాకు కాదని తేల్చింది. ఆ తీర్పు అత్యవసర వైద్యానికి గట్టి పునాది, కాని జరిగిపోయిన అన్యాయానికి పరిహారం చూపే పునాది. పడకలు తగ్గకుండా ముందే అడ్డుకునే చట్టం శాసనసభే చేయాలి. రాజస్థాన్ 2023లో ఆరోగ్య హక్కు చట్టం చేసింది. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యసేవలను మార్చే ముందు వాటిని వాడుకునే ప్రజలను ఆ ఆలోచనలో భాగస్వాములను చేయాలని చట్టమే ఆదేశిస్తుంది. ఉస్మానియా విషయంలో అటువంటి సంప్రదింపు జరగాలని కోరడానికి పాతబస్తీవాసికి చట్టబద్ధమైన అవకాశం లేదు.

ఇప్పుడు ఆసుపత్రి గోషామహల్‌కు మారబోతోంది. పోలీస్ స్టేడియం స్థలంలో 2,000 పడకల కొత్త భవన సముదాయానికి ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి 2025 జనవరి 31న శంకుస్థాపన చేశారు. కూల్చకుండా కట్టే దారి వెతకడం హర్షించదగిన నిర్ణయమే, పదేళ్ల కిందటే తీసుకోదగినది కూడా. కాని భవనం తరలినంత మాత్రాన జవాబుదారీ తరలిరాదు. తరలింపు కాలంలో ఏ విభాగంలో ఎన్ని పడకలు తగ్గకుండా ఉంచుతారో, కొత్త భవనం నిర్వహణకు ఏటా ఎంత నిధి విడిగా కేటాయిస్తారో, మరమ్మతుపై తుది అధికారం ఏ ఒక్క పదవికి ఇస్తారో ప్రభుత్వం ఉత్తర్వులో రాసి, శాసనసభ ముందుంచాలి. పునరుద్ధరించాక పాత భవనాన్ని ప్రదర్శనశాలగా మిగల్చకుండా, అఫ్జల్‌గంజ్‌లో ఓపీ, అత్యవసర సేవలు కొనసాగుతాయని అదే ఉత్తర్వులో చెప్పాలి. బస్సు దిగి నడిచి వచ్చే రోగికి అది ఇంకా చేరువలోనే ఉన్న ఆసుపత్రి కనుక, కొత్త భవనంలోకి మొదటి వార్డు మారకముందే ఆ ఉత్తర్వు వెలువడాలి.