యంత్రములు చేరిన దండులో మనుష్యుని పని

బడంగ్‌పేటవారికి రక్షణశాఖ యంత్రములు దూరపు వింతలు కావు. చేరువనే ఇమారత్ పరిశోధన కేంద్రమున్నది. కంచన్‌బాగులో 1970లో నెలకొల్పబడిన భారత్ డైనమిక్సు కర్మాగారమున్నది. ఆదిభట్లలో విమానభాగములు తయారగుచున్నవి. 2025 మే నెలలో పశ్చిమ సరిహద్దున పాకిస్తాను డ్రోనులు గుంపులుగా వచ్చినపుడు వాని నెదుర్కొన్న సాధనములలో హైదరాబాదులో రూపొందిన ఆకాశ్ క్షిపణి యొకటి. అయినను మన చుట్టుపట్ల యువకుడు సైన్యమన్నంతనే తెల్లవారుజామున మైదానమున పరుగు తీయుటయే యనుకొనుచున్నాడు. ఆ పరుగు నేటికిని కావలసినదే. కాని 2023 నుండి సైన్యమువారు వరుస మార్చిరి. మునుపు దేహపరీక్ష ముందు, వ్రాతపరీక్ష వెనుక. ఇప్పుడు కంప్యూటరు నెదుట కూర్చుండి పరీక్ష నెగ్గినవానికే మైదానమునకు పిలుపు.

ఇట్టి మార్పు సైన్యమునకు క్రొత్త గాదు. 1938లో సింద్ హార్స్ అను అశ్వదళము గుఱ్ఱములను విడిచి యంత్రవాహనముల నెక్కెను. కళ్లెము పట్టిన రౌతు ఇంజను విప్పుట నేర్వవలసివచ్చెను. 1943లో మరమ్మతులకే ఒక ప్రత్యేక శాఖ యేర్పడెను; ఆ శాఖవారి కళాశాల నేడు మన సికింద్రాబాదుననే యున్నది. తుపాకి పట్టువాని వెనుక పానా పట్టువాడు నిలిచెనన్నమాట. 2025 జూలై 26న సైన్యాధిపతి ప్రతి పదాతిదళమునకును డ్రోను ప్లటూను నిచ్చుచున్నట్లు ప్రకటించిరి. డ్రోను తనంత తానెగురును, నిజమే. బ్యాటరీ నిలుపువాడు, శత్రువు రేడియో తరంగములను చెఱచినపుడు మాఱుత్రోవ నెఱిగినవాడు, వచ్చిన చిత్రమును చదువువాడు మనుష్యుడే.

యంత్రము చెప్పినదెల్ల వేదమనుకొన్నను చేటే. 2003 మార్చి 23న ఇరాకు యుద్ధమున అమెరికావారి పేట్రియట్ దళము మిత్రులైన బ్రిటిషువారి టొర్నాడో విమానమునే కూల్చెను; అందలి యిద్దరును మరణించిరి. యంత్రము దానిని శత్రుక్షిపణిగా నెంచెను. దాని నెదుట కూర్చున్నవారికి ఆలోచించుకొనుటకు దొరకినది సుమారొక నిమిషము. వారు శిక్షణ పొందినవారే. కాని యా శిక్షణ సామాన్యమైన ప్రమాదములను గుర్తించుటకే గాని, తప్పుడు హెచ్చరికను పసిగట్టుటకు నేర్పలేదని బ్రిటిషు విచారణ తేల్చినది. ఆ నిమిషమున యంత్రమును కాదనగల బుద్ధి ఏండ్ల తరబడి తెర నెదుట కూర్చున్నగాని యలవడదు.

మాకు ప్రభుత్వముతో పేచీ యిచ్చటనే. 2022 జూన్‌లో ప్రకటింపబడిన అగ్నిపథము ననుసరించి సిపాయి కొలువు నాలుగేండ్లు. పిమ్మట నిలుపుకొనునది నూటికి ఇరువదియైదుగురకు మించదు. ఆ నెల 17న సికింద్రాబాదు స్టేషనులో రైళ్లు తగులబడినవి, తుపాకులు ప్రేలినవి, ఒక యువకుడు ప్రాణము కోల్పోయెను. రైళ్లను కాల్చుటను మేము సమర్థింపము. వారి ప్రశ్న మాత్రము బూడిద కాలేదు. యువసైన్యమునకు యంత్రవిద్య సులువుగా పట్టుబడునని ప్రభుత్వవాదము. ఫోను వాడ నేర్చుట వేఱు, తెరపై పక్షికిని డ్రోనుకును భేదము తెలియుట వేఱు. పని చేతికి వచ్చు నాటికి పనివానిని ఇంటికి పంపు దండు, తన నష్టమును తానే కొనితెచ్చుకొనును. మొదటి జట్టువారి గడువు 2026 చివరనుండి నిండును. సాంకేతిక శాఖలలో నిలుపుకొను భాగమును పెంచవలెను. వెలికి వచ్చువానికి ఆదిభట్ల కర్మాగారములు అంగీకరించునట్టి యోగ్యతాపత్రము నీయవలెను. వట్టి ప్రశంసాపత్రము గోడకు వ్రేలాడదీయుటకే పనికివచ్చును.

2025 నుండి సైన్య ప్రవేశపరీక్షను తెలుగునను వ్రాయవచ్చును. ఇది ఆలస్యముగా దక్కిన హక్కు. దానిని వాడుకొనుటకు మన పిల్లలకు మౌసు పట్టిన అలవాటుండవలెను గదా! ఇంట కంప్యూటరు లేని బాలుడు పరీక్షనాడే దానిని తొలిసారి తాకునేని, ఎన్ని మైళ్లు పరుగెత్తినను ఫలమేమి? బడంగ్‌పేట చుట్టుపట్ల ప్రతి పఠనాలయమునను, వార్తాపత్రికల బల్ల ప్రక్కనే, రెండు కంప్యూటర్లను, మాదిరి ప్రశ్నపత్రములను, సాయంకాలము రెండు గంటలు నేర్పగల యొక విశ్రాంత సైనికుని ఏర్పాటు చేయుడని నగరపాలకులను, గ్రంథాలయ సంస్థవారిని కోరుచున్నాము.