చూచిన కన్ను, చూడని దర్యాప్తు

హత్యకేసులో కంటితో చూచినవాని మాట ఎక్కువా, ప్రయోగశాలలో తేలిన నెత్తుటి మరక ఎక్కువా? 1957లో మద్రాసు రాష్ట్రపు వడివేలు తేవరు కేసులో సుప్రీంకోర్టు హతుని భార్య ఒక్కతె సాక్ష్యముతోనే శిక్షను స్థిరపరచినది. సాక్షులను లెక్కింపరాదు, సాక్ష్యమును తూచవలెనని ఆ తీర్పు సారము.

కాబట్టి పోలీసులు మరకను పరీక్షకు పంపనంత మాత్రమున నమ్మదగిన సాక్షి మాట అబద్ధము కాదు. కాని సాక్షి నమ్మదగినవాడో కాడో తేలనప్పుడు మరియొక ఆధారము కావలెను. ఆ మరకయే ఆ ఆధారము. అది పోయినచో దోషి తప్పించుకొనవచ్చును. నిర్దోషి తనను కాపాడు సాక్ష్యమును కోల్పోవచ్చును.

7 సంవత్సరములు, అంతకు మించిన శిక్షగల నేరములలో నిపుణుడు ఘటనాస్థలమునకు పోవలెనని 2023 నాటి భారతీయ నాగరిక సురక్షా సంహిత చెప్పుచున్నది. చట్టము వచ్చినది, శ్రద్ధయు రావలెను. దర్యాప్తు చేయని పని బరువును సాక్షి ఒక్కనిపై మోపుట న్యాయము కాదు.